గుండె పక్క కొవ్వును చదివించాలా, ముందు మాత్ర మొదలుపెట్టాలా?

కరీంనగర్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాసి, భర్త రిపోర్టుల నకళ్లు జతచేశారు. ఆమె భర్తకు 48 ఏళ్లు, ఎరువుల దుకాణం నడుపుతారు. పదేళ్లు సిగరెట్లు కాల్చి నాలుగేళ్ల కిందట మానేశారు. ఆయన తండ్రి 51వ ఏట నిద్రలోనే గుండెపోటుతో పోయారు. మూడు నెలల కిందట హైదరాబాద్‌లో మాస్టర్ హెల్త్ చెకప్ చేయిస్తే బీపీ 142/90, మూడు నెలల సగటు షుగర్ 6.2, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148 వచ్చాయి. ట్రెడ్‌మిల్ పరీక్ష 'బోర్డర్‌లైన్' అన్నారు. దాంతో సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ తీశారు.

ఆ రిపోర్టులో కాల్షియం స్కోర్ 62 అని ఉంది. గుండె ముందు వైపు దిగే ఎల్ఏడీ నాళం మొదట్లోనే మిశ్రమ ప్లాక్ (గోడలో పేరుకున్న కొవ్వు, కాల్షియం) ఉందని, నాళం 40 నుంచి 45 శాతం సన్నబడిందని రాశారు. ఆ ప్లాక్‌లో 'లో అటెన్యుయేషన్' భాగం, 'పాజిటివ్ రీమోడలింగ్' కనిపించాయట. కుడి నాళంలో సన్నబడటం 25 శాతం లోపే, కానీ కదలిక వల్ల బొమ్మ మసకబారింది. స్కాన్ అప్పుడు గుండె వేగం నిమిషానికి 74. చివర్లో 'క్యాడ్-రాడ్స్ 2/పీ1/హెచ్‌ఆర్‌పీ' అని ముగించారు.

హైదరాబాద్ డాక్టర్ రోసువాస్టాటిన్ 20 (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర), ఆస్పిరిన్ 75, ఒక బీపీ మాత్ర రాసి ఆరు వారాల్లో రమ్మన్నారు. బంధువులు చూపించిన ఇంకో డాక్టర్ వెంటనే క్యాథ్ ల్యాబ్‌లో యాంజియోగ్రామ్ చేయించి, అవసరమైతే అక్కడే స్టెంట్ వేయించుకోమన్నారు. భర్త పది రోజులు మాత్రలు వేసుకుని, పిక్కలు పీకుతున్నాయని కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. "నాకేం నొస్తలేదు, ఉత్తగ పైసలు గుంజనీకి చేస్తున్నరు" అని ఆయన మాట. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆమె తమ్ముడిది ఇంకో మాట: "అక్కా, బావ గుండె నాళాల చుట్టూ ఉన్న కొవ్వును కంప్యూటర్‌తో టెక్స్చర్ అనాలిసిస్ చేయిస్తే ప్లాక్ పగులుతుందా లేదా తేలిపోతుంది. స్కాన్ డేటా పంపు, ఖర్చు నేను పెట్టుకుంటా. కుదరకపోతే కొత్త రకం మెషీన్ మీద మళ్లీ తీయిద్దాం." స్కాన్ సెంటర్ వాళ్లు ఫిల్మ్, రిపోర్ట్, ఇరవై బొమ్మలున్న ఒక సీడీ ఇచ్చారు. ఆమె దాన్ని బీరువాలో చీరల కింద దాచారు.

ఆమె అడిగినవి: టెక్స్చర్ పరీక్ష చేయించాలా? యాంజియోగ్రామ్ మాటేమిటి? ఆయనకు చెప్పకుండా సీడీని తమ్ముడికి పంపితే తప్పా? మా 22 ఏళ్ల అబ్బాయికి కూడా స్కాన్ తీయించాలా?

*

అమ్మా, మీరు నకళ్లు జతచేయడం మేలైంది. ఫలానా డాక్టర్ ఇలా అన్నారు, ఇంకొకరు అలా అన్నారు అన్న మాటల మీద జవాబు చెప్పడం కష్టం. కాగితం ఎదురుగా ఉంటే చెప్పొచ్చు. మీ చుట్టూ ముగ్గురు మూడు వైపులకు లాగుతున్నట్టు అనిపిస్తోంది కానీ, నిజానికి వాళ్లు మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. రక్తం పారడానికి అడ్డం ఉందా అన్నది రెండో డాక్టర్ ప్రశ్న. ఈ ప్లాక్ నెమ్మదిగా ఉందా, లోపల రగులుతోందా అన్నది తమ్ముడి ప్రశ్న. ఏది ఎలా ఉన్నా ఇప్పుడు ఏం చేయాలి అన్నది మొదటి డాక్టర్ ప్రశ్న. మీ ఇంట్లో ఇవాళ ఆగిపోయి ఉన్నది ఆ మూడోదే.

ముందు రిపోర్ట్ చదువుదాం. సీటీ బొమ్మలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది, దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అంటారు. నీళ్లు సున్నా, గాలి మైనస్ 1000, కొవ్వు మైనస్ 100 దరిదాపుల్లో ఉంటాయి. కాల్షియం స్కోర్ లెక్క 1990లో ఆగట్‌స్టన్ బృందం పెట్టింది. నాళాలను మెరిపించే అయోడిన్ మందు ఎక్కించకుండా తీసిన బొమ్మల్లో 130 యూనిట్లు దాటిన మచ్చలను పట్టుకుని, మచ్చ వైశాల్యాన్ని దాని గట్టిదనాన్ని బట్టి 1 నుంచి 4 దాకా ఉన్న ఒక అంకెతో హెచ్చవేసి కూడుతారు. 62 అంటే మొత్తంగా తక్కువే, 'పీ1' అన్నది అందుకే. కానీ 48 ఏళ్ల మగవాళ్లలో దాదాపు సగం మందికి ఈ స్కోర్ ఇంకా సున్నాయే ఉంటుంది. అరవై ఎనిమిదేళ్ల మనిషికి 62 వస్తే ఊరట పడొచ్చు. మీవారి వయసుకు అది ముందస్తు హెచ్చరిక. పైగా అమెరికన్ కార్డియాలజీ సంఘాలు 2018 మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలనే ముప్పు పెంచే అంశంగా లెక్కలోకి తీసుకున్నాయి. తండ్రి 51లో పోవడం ఇంకో అంశం.

'క్యాడ్-రాడ్స్ 2' అంటే ఎక్కువ సన్నబడిన చోట కూడా 25 నుంచి 49 శాతమే. యాభై దాటితే 3, డెబ్బై దాటితే 4. ఈ 40–45 శాతంతో మామూలుగా రక్తప్రవాహానికి అడ్డం రాదు. అసలు పట్టించుకోవాల్సింది చివరనున్న 'హెచ్‌ఆర్‌పీ'. హై రిస్క్ ప్లాక్ అని దాని అర్థం. నాలుగు లక్షణాల్లో కనీసం రెండు కనిపిస్తే ఆ ముద్ర వేస్తారు: ప్లాక్‌లో 30 యూనిట్ల కన్నా తక్కువగా మెత్తటి కొవ్వు గుజ్జు ఉండటం (లో అటెన్యుయేషన్), నాళం బయటివైపు ఉబ్బడం (పాజిటివ్ రీమోడలింగ్), చిన్న చుక్కల్లాంటి కాల్షియం, మధ్యలో నల్లగా చుట్టూ ఉంగరంలా కనిపించడం. మీవారికి మొదటి రెండూ ఉన్నాయి. నాళం బయటికి ఉబ్బడం వల్లే లోపలి దారి ఇంకా సగానికి పైగా తెరిచి ఉంది. అందుకే ఆయనకు 'ఏం నొస్తలేదు'. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఈ జబ్బు తీరే అంత.

ఈ మెత్తటి భాగానికి ఎంత విలువ ఇవ్వాలో స్కాట్లాండ్‌లో జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనం చూపించింది. 2020లో వచ్చిన విశ్లేషణలో, నాళాల గోడల్లో మెత్తటి ప్లాక్ వాటా 4 శాతం దాటినవాళ్లకు గుండెపోటు అవకాశం మిగతావాళ్లకన్నా దాదాపు ఐదు రెట్లు కనిపించింది. ఇది చదివి కంగారు పడకండి. ఆ ముద్ర పడినవాళ్లలో ఎక్కువమందికి ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కూడా.

యాంజియోగ్రామ్ సంగతి. క్యాథ్ ల్యాబ్‌లో మణికట్టు నుంచో గజ్జ నుంచో గొట్టం పంపి తీసే బొమ్మ నాళం లోపలి దారిని బాగా చూపిస్తుంది, గోడను చూపించదు. మీవారి భయం గోడలో ఉంది. దాన్ని సీటీ ఇప్పటికే చూసింది. గోడను చూడాలంటే అక్కడ మళ్లీ ఐవస్, ఓసీటీ లాంటి అదనపు పరికరాలు నాళంలోకి దించాలి. ఇక స్టెంట్. ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనంలో 5,179 మందిని తీసుకున్నారు, అందులో మన దేశం వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లందరికీ ఒత్తిడి పరీక్షల్లో రక్తప్రసరణ లోపం గట్టిగానే బయటపడింది. అయినా ముందే యాంజియోగ్రామ్, స్టెంట్ లేదా బైపాస్ దారిలో వెళ్లినవాళ్లకు, మందులతో మొదలుపెట్టినవాళ్లకు మధ్య మరణాల్లో తేడా కనిపించలేదు. ఛాతీ నొప్పి ఉన్నవాళ్లకు నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంట్ దారి మెరుగు. మీవారికి నొప్పి లేదు, అంత అడ్డమూ లేదు. ఎడమ ప్రధాన నాళంలో 50 శాతం దాటిన అడ్డం ఉంటే లెక్క వేరు. వాళ్లను ఆ అధ్యయనంలోకే తీసుకోలేదు. మీ రిపోర్టులో ఆ నాళం మామూలుగా ఉందని రాశారు.

రెండో డాక్టర్ మీకు 2024లో వచ్చిన కొరియా అధ్యయనం గురించి చెప్పొచ్చు, పేరు ప్రివెంట్. ప్రమాదకరంగా కనిపించే ప్లాక్‌కు అడ్డం లేకపోయినా ముందుగానే స్టెంట్ వేస్తే, రెండేళ్లలో ఇబ్బందులు 3.4 శాతం నుంచి 0.4కు తగ్గాయి. అది నిజమైన ఫలితమే. కానీ అందులో చేరిన 1,606 మందికీ 50 శాతం, ఆపైన సన్నబడిన చోట్లున్నాయి. ఆ ప్లాక్ ప్రమాదకరమని నాళం లోపలి పరికరాలతో నిర్ధారించారు. తేడాలో ఎక్కువ భాగం తర్వాత మళ్లీ ఆసుపత్రిలో చేరడం, మళ్లీ ప్రొసీజర్ అవసరపడటం తగ్గడం వల్ల వచ్చింది. మీవారు ఆ గీతకు ఇవతల ఉన్నారు. ఇప్పుడే బల్ల మీదకు వెళితే 45 శాతం చూసి 'ఎందుకైనా మంచిది' అని స్టెంట్ వేసే అవకాశం ఉంది. వేశాక ఆరు నెలల నుంచి ఏడాది దాకా రక్తం పలచబడే మాత్రలు రెండు తప్పవు. రోజుకు ఒక మాత్రే వద్దంటున్న మనిషి వాటిని మధ్యలో ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకడుతుంది. ఇప్పటి పరిస్థితికన్నా అది ఎక్కువ ప్రమాదం. ఎప్పుడైనా యాంజియోగ్రామ్ చేయించాల్సి వస్తే, స్టెంట్‌కు ముందు ప్రెషర్ వైర్‌తో ఎఫ్‌ఎఫ్‌ఆర్ (సన్నబడిన చోటు దాటాక రక్తపు ఒత్తిడి ఎంత మిగిలిందో చెప్పే నిష్పత్తి) కొలవమని అడగండి. 0.80 కన్నా ఎక్కువ వస్తే అక్కడ రక్తం సరిగానే పారుతోందని అర్థం. నడుస్తుంటే ఛాతీ బిగింపు, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం మొదలైతే మాత్రం ఈ వాదన అంతా పక్కన పెట్టి కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.

ఇక మీ తమ్ముడి మాట. ఆయన చెబుతున్నది గాలి కబురు కాదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఒక దోసెడు ముగ్గుపిండి తీసుకోండి. వాకిట్లో ఒకే చోట కుప్పగా పోస్తే ఒక రకం, చుక్కలు పెట్టి గీతలు కలిపితే ఇంకో రకం. పిండి అంతే. వాకిలి మొత్తానికీ తెలుపు సగటు లెక్కవేస్తే రెండూ ఒకటే. అమరికలోనే తేడా. మామూలు రిపోర్టు సగటు చెబుతుంది, టెక్స్చర్ అనాలిసిస్ అమరికను కొలుస్తుంది. ఒక రకం బూడిదరంగు చుక్క పక్కన ఇంకో రకం చుక్క ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక వేసి, ఆ పట్టిక నుంచి 'ఎంత నునుపు', 'ఎంత చిందరవందర' లాంటి అంకెలు తీస్తారు. ఈ పట్టిక పద్ధతి 1973లో హరాలిక్ బృందం ఇచ్చింది. అలాంటి అంకెలు వందలు, వేలు తీసి జబ్బుతో ముడిపెట్టే పనినే ఇప్పుడు రేడియోమిక్స్ అంటున్నారు.

నాళం చుట్టూ కొవ్వు ఎందుకు? ఆ కొవ్వు నాళం గోడకు పొరుగిల్లు. గోడలో ఇన్‌ఫ్లమేషన్ రగిలితే అక్కడి నుంచి వచ్చే రసాయనాలు పక్కనున్న లేత కొవ్వు కణాలను పూర్తిగా ఎదగనివ్వవు. వాటిలో నూనె తగ్గి నీరు పెరుగుతుంది, కాబట్టి సీటీ అంకె మైనస్ నుంచి పైకి కదులుతుంది. ఆక్స్‌ఫర్డ్ బృందం దీన్నే ఒక సూచికగా మలిచింది. 2018లో లాన్సెట్‌లో వచ్చిన క్రిస్ప్-సీటీ అధ్యయనంలో కుడి నాళం చుట్టూ ఆ సగటు మైనస్ 70.1, అంతకన్నా పైన ఉన్నవాళ్లలో గుండె మరణాలు ఎక్కువ కనిపించాయి. 2019లో అదే బృందం సగటు దాటి కొవ్వు టెక్స్చర్‌లోకి వెళ్లింది. సగటు ఇవాళ్టి రగులుడును చూపిస్తే, టెక్స్చర్ పాత గాయాల వల్ల వచ్చిన నార, కొత్తగా మొలిచిన సన్న రక్తనాళాల లాంటి నిలిచిపోయే మార్పులను పట్టుకుంటుందని వాళ్లు చూపించారు. 2024లో ఓర్ఫాన్ అనే అధ్యయనం బ్రిటన్‌లో 40,091 మంది స్కాన్లతో వచ్చింది. నాళాల్లో చెప్పుకోదగ్గ అడ్డం లేనివాళ్లలో కూడా ఈ కొవ్వు సూచిక ముప్పును విడదీసి చూపింది. మీవారు సరిగ్గా ఆ కోవలోనే ఉన్నారు. కాబట్టి తమ్ముడి ఆలోచనకు అర్థం ఉంది.

అయితే ఆ అంకె ఎలా పుడుతుందో చూస్తే అది ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. ముందు నాళం అంచు గీయాలి. కుడి నాళమైతే మొదటి 10 మిల్లీమీటర్లు వదిలి 50 దాకా, ఎల్ఏడీ అయితే మొదటి 40 మిల్లీమీటర్లు తీసుకుంటారు. నాళం ఎంత వెడల్పో అంత దూరం వరకు చుట్టూ ఉన్న చుక్కలను పట్టి, అందులో మైనస్ 190 నుంచి మైనస్ 30 మధ్య ఉన్నవాటినే కొవ్వుగా ఉంచుతారు. టెక్స్చర్ కావాలంటే చుక్కలన్నిటినీ సమాన ఘనాలుగా మార్చి, అంకెలను మెట్లుగా విడగొట్టి, ఆపైన పట్టికలు వేస్తారు. మెట్టు 25 యూనిట్లా 10 యూనిట్లా అన్నదొక్కటి మారినా ఫలితం మారుతుంది. అందుకే ఈ లెక్కలకు ఒకే నిర్వచనం ఉండాలని ఇమేజ్ బయోమార్కర్ స్టాండర్డైజేషన్ ఇనిషియేటివ్ పేరుతో పరిశోధకులు కలిసి 2020లో ప్రమాణాలు ప్రచురించారు.

అంతకన్నా పెద్ద తేడాలు మెషీన్ గదిలోనే పుడతాయి. ఎక్స్‌రే గొట్టానికి 120 కిలోవోల్టులు పెట్టారా 100 పెట్టారా? 100 దగ్గర కొవ్వు అంకె ఇంకా కిందికి దిగుతుంది. ఆ తేడాను సరిచేయకుండా మైనస్ 70తో పోలిస్తే రగిలే నాళం కూడా చల్లగా కనిపిస్తుంది. బొమ్మను పదునుగా కట్టే కెర్నెల్ అనే లెక్క పద్ధతి వాడితే చుక్కల గరుకుదనం పెరుగుతుంది, నునుపు చేసే పద్ధతి వాడితే తగ్గుతుంది. కంప్యూటర్ ఆ గరుకుదనాన్ని జబ్బు అనుకోగలదు. మందు ఎక్కించాక ఏ క్షణంలో తీశారో, నాళంలో మెరుపు పక్క కొవ్వు మీదకు ఎంత పొంగిందో కూడా లెక్కలోకి వస్తాయి. అన్నిటికన్నా చెడ్డది కదలిక.

మీవారి కాగితంలో ఒక్క వాక్యం ఇక్కడ అడ్డు పడుతోంది: గుండె వేగం 74, కుడి నాళం మసక. గుండె కొట్టుకునేటప్పుడు ఎక్కువగా ఊగేది కుడి నాళమే. ఈ కొవ్వు సూచికకు ఎక్కువగా వాడేదీ కుడి నాళమే. మసకలో నాళం, కొవ్వు కలిసిపోతే వచ్చే అంకె అటూ ఇటూ కాదు. ఎల్ఏడీ చుట్టూ కొలవొచ్చు, ఆ భాగం స్పష్టంగా ఉందని రాశారు కాబట్టి. పంపేముందే విశ్లేషించేవాళ్లను 'ఈ స్కాన్ నాణ్యతతో ఏ నాళాల అంకె ఇవ్వగలరు' అని తమ్ముణ్ని రాతపూర్వకంగా అడగమనండి. అది చెప్పకుండా డబ్బు కట్టమనేవాళ్ల జోలికి వెళ్లొద్దు.

బీరువాలో ఉన్న సీడీతో ఇదేదీ జరగదు. అందులోవి చూడటానికి ఎంచిన ఇరవై బొమ్మలు. వాటిని 256 రంగు మెట్లకు కుదించి దాచి ఉంటారు. అసలు సీటీ అంకెలు అందులో లేవు. ఫిల్మ్ సంగతీ అంతే. కావాల్సింది పూర్తి డైకామ్ డేటా, అంటే స్కాన్ తాలూకు అసలు ఫైళ్లు. స్కాన్ సెంటర్‌కు పేషెంట్ ఐడీ, స్కాన్ తేదీ వేసి, ఆయన సంతకంతో దరఖాస్తు ఇవ్వండి. అందులో ఇలా అడగండి: మందు ఎక్కించి తీసిన సన్నని స్లైసులు, అంటే 0.5 నుంచి 0.75 మిల్లీమీటర్లవి, గుండె విశ్రాంతిలో ఉండే 70–80 శాతం ఫేజ్‌వి (గుండె ఒకసారి కొట్టుకునే వ్యవధిలో అంత శాతం దగ్గర తీసినవి). ముడుచుకునే 35–45 శాతం ఫేజ్‌వి ఉంటే అవి కూడా, ఎందుకంటే వేగంగా కొట్టుకునే గుండెలో కుడి నాళం ఒక్కోసారి అక్కడే స్పష్టంగా దొరుకుతుంది. ఇంకా కాల్షియం స్కోర్ కోసం తీసిన 3 మిల్లీమీటర్ల సిరీస్, రేడియేషన్ వివరాల పేజీ. ఒక్కో ఫేజ్‌కు కొన్ని వందల బొమ్మలుంటాయి కాబట్టి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. చాలా సెంటర్లు సన్నని స్లైసులను సర్వర్‌లో ఎక్కువకాలం ఉంచవు. మూడు నెలలైంది, ఆలస్యం చేయకండి. టెక్స్చర్ పరీక్ష చేయించకపోయినా ఈ డేటా తెచ్చిపెట్టుకోవడం అవసరం. రేపు రెండో స్కాన్‌తో పోల్చాలన్నా, ఇంకో రేడియాలజిస్ట్‌కు చూపించాలన్నా పనికొచ్చేది అదే.

తమ్ముడు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి ఒక మాట ముందే చెప్పండి. పైరేడియోమిక్స్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి, డేటా ఇస్తే వంద పైగా అంకెలు కక్కుతాయి. పోల్చడానికి వేలమంది స్కాన్లు, వాళ్లకు తర్వాత ఏమైందన్న రికార్డు చేతిలో లేనిదే ఆ అంకెలకు అర్థం లేదు. రాత్రంతా కూర్చుని ఒక అంకె తీసి 'బావకు ఎక్కువ ఉంది' అని ఫోన్ చేస్తే మీ నిద్ర పోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు, ఒక్కోదాని వెంట ఏమొస్తుందో చూడండి.

డేటా దొరికి, ఎల్ఏడీ కొవ్వును చదివించారనుకుందాం. రగులుతోందని వస్తే? కొలెస్ట్రాల్ ఇంకా కిందికి దించమంటారు. కొందరు డాక్టర్లు తక్కువ మోతాదు కాల్చిసిన్ మాట ఎత్తుతారు. గౌట్‌కు వాడే ఆ మందును 0.5 మిల్లీగ్రాముల మోతాదులో గుండె నాళాల జబ్బుకు అమెరికాలో 2023లో అనుమతించారు. కిడ్నీ బలహీనంగా ఉన్నా, కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిసినా ప్రమాదం కాబట్టి అది సొంతంగా మొదలుపెట్టే మందు కాదు. చల్లగా ఉందని వస్తే? అప్పుడూ ఎల్‌డీఎల్ 148 అలాగే ఉంటుంది, ప్లాక్ అక్కడే ఉంటుంది, మాత్ర అప్పుడూ కావాలి. కానీ 'చూశావా, నాకేం లేదు' అనడానికి మీవారి చేతికి ఒక కాగితం దొరుకుతుంది. నా బెంగ దాని గురించే. రెండు జవాబులూ ఒకే మాత్ర దగ్గరికి తెస్తున్నాయి. మాత్ర మీద నిలదొక్కుకున్నాక, ఇంకా ఎంత గట్టిగా వెళ్లాలని డాక్టర్ తటపటాయిస్తే అప్పుడు ఈ పరీక్ష అక్కరకొస్తుంది.

కొత్త ఫోటాన్ కౌంటింగ్ మెషీన్ మీద ఇప్పుడే మళ్లీ తీయించడం నేను సమర్థించను. అది చాలా సన్నని వివరం చూపిస్తుంది, గట్టి కాల్షియం ఉబ్బి కనిపించే దోషం తగ్గుతుంది, నిజమే. కానీ మీవారి ప్లాక్‌లో కాల్షియం తక్కువ కాబట్టి ఆ లాభం కొంచెమే. కొవ్వు సూచికలను చాలావరకు పాత రకం మెషీన్ల స్కాన్ల మీద కట్టారు, కొత్త మెషీన్ అంకెలను వాటితో తిన్నగా పోల్చలేం. మళ్లీ అయోడిన్ మందు, మళ్లీ రేడియేషన్. జాగ్రత్తగా తీస్తే ఒక స్కాన్‌కు 2 నుంచి 5 మిల్లీసీవర్ట్‌లు, అంటే ప్రకృతి నుంచి మనకు ఏడాది రెండేళ్లలో వచ్చేంత. అవసరమైతే వెనకాడాల్సినంత కాదు, ఊరికే తీయించుకునేంత తక్కువా కాదు.

రెండేళ్ల తర్వాత డాక్టర్ మళ్లీ తీయమంటే, కుదిరితే అదే మెషీన్, అవే కిలోవోల్టులు అడగండి. ఈసారి గుండె వేగం 60 దగ్గరికి రావాలి. ఆస్తమా, గుండె లయ ఇబ్బందులు లేవని డాక్టర్ చూశాక, స్కాన్‌కు గంట ముందు 50 లేదా 100 మిల్లీగ్రాముల మెటోప్రొలాల్ ఇస్తారు. 12 గంటల ముందు నుంచీ కాఫీ, టీ ఆపాలి. నాలుక కింద నైట్రేట్ ఇస్తారు కాబట్టి అంతకుముందు ఒకటి రెండు రోజుల్లో సిల్డెనాఫిల్, టడలాఫిల్ రకం మాత్రలు వాడి ఉంటే మొహమాటపడకుండా చెప్పాలి, లేకపోతే బీపీ పడిపోతుంది. వెళ్లేముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి. ఇంకో సంగతి ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. స్టాటిన్ వాడితే కాల్షియం స్కోర్ పెరుగుతుంది. మెత్తటి గుజ్జు గట్టిపడి రాయి అవుతుంది కాబట్టి పెరుగుతుంది. 62 కాస్తా 90 అయిందని మాత్ర పనిచేయలేదనుకోకండి.

మాత్ర దగ్గరికి వద్దాం. పిక్కల నొప్పిని కొట్టిపారేయకండి, అలాగని దాంతో మందు కథ ముగిసిపోలేదు. సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మూత్రం కోలా రంగులో వచ్చినా, కండరాలు తాకితే ఓర్వలేనంత నొప్పి ఉన్నా మందు ఆపి అదే రోజు డాక్టర్‌ను కలవాలి. అవి లేకపోతే రెండు మూడు వారాల విరామం తర్వాత తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. లండన్‌లో జరిగిన సామ్సన్ అనే ప్రయోగంలో స్టాటిన్ పడక మానేసినవాళ్లకు కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి రోజూ బాధను గుర్తించమన్నారు. స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తి మాత్ర నెలల్లోనూ వచ్చింది. వాళ్ల నొప్పి నిజమే, కానీ చాలావరకు మందు వల్ల వచ్చింది కాదు.

లెక్క ఇలా ఉంటుంది. రోసువాస్టాటిన్ 20 ఎల్‌డీఎల్‌ను దాదాపు సగానికి దించుతుంది, 148 కాస్తా 74 దరిదాపుల్లోకి వస్తుంది. 5 మిల్లీగ్రాములు వేస్తే సుమారు 40 శాతం తగ్గి 89. దానికి ఎజెటిమైబ్ 10 కలిపితే ఇంకో ఐదో వంతు తగ్గి 71. అంటే మీవారికి పడనిదనుకున్న పెద్ద మోతాదు చేసే పని, చిన్న మోతాదుతో పాటు ఇంకో మాత్ర కలిసి చేయగలదు. ఇలాంటి ప్లాక్‌కు 70 కన్నా కింద ఉంచాలన్నది చాలామంది డాక్టర్ల లక్ష్యం, ఇంకా కిందికి తెమ్మనేవాళ్లూ ఉన్నారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే పని జరుగుతోందో లేదో తెలుస్తుంది. ఈ మార్పును హైదరాబాద్ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడినా చేసుకోవచ్చు. ఆస్పిరిన్ అవసరమా అన్నది కడుపులో పుండు, రక్తస్రావం చరిత్ర చూసి ఆయనే తేల్చాలి. బీపీని ఇంట్లో వారం రోజులు పొద్దున, సాయంత్రం కొలిచి రాసి తీసుకెళ్లండి.

ఆయనకు చెప్పకుండా డేటా పంపాలా అని అడిగారు. వద్దమ్మా. ఆ స్కాన్ ఆయన శరీరానిది. డైకామ్ ఫైల్ లోపల ఆయన పేరు, పుట్టిన తేదీ, ఐడీ అన్నీ ఉంటాయి. అనుమతి ఇచ్చాక కూడా ఆ వివరాలు తొలగించే పంపాలి. అదలా ఉంచండి. దొంగచాటుగా పంపితే వచ్చిన జవాబు ఆయనకు ఎలా చెబుతారు? మంచి వార్తయినా చెడ్డదయినా మీరు ఒక్కరే మోయాల్సి వస్తుంది. ఇప్పటికే 'పైసలు గుంజనీకి' అనుకుంటున్న మనిషి, ఇంట్లోవాళ్లు కూడా తన వెనక ఏదో చేస్తున్నారనుకుంటే రేపు అవసరమైన పరీక్షకు కూడా రాడు.

ఆయన మొండితనం వెనక ఆ 51వ ఏడు ఉందని నాకనిపిస్తోంది. మూడేళ్లలో ఆ వయసు వస్తుంది. తెలుసుకోకపోతే జరగదనుకోవడం భయపడ్డ మనిషి సహజంగా చేసే పని. కాబట్టి 'చచ్చిపోతావు' అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. డేటా చేతికొచ్చాక ఒక రేడియాలజిస్ట్ దగ్గర పది నిమిషాలు అడిగి, తెర మీద ఆ ప్లాక్‌ను ఆయన కళ్లకు చూపించమనండి. కాగితం మీద 45 శాతం నమ్మనివాళ్లు తన నాళం గోడలో నల్లటి మచ్చ చూస్తే ఆలోచిస్తారు. అక్కడే స్కాట్-హార్ట్ లెక్క చెప్పించండి. ఛాతీ నొప్పితో వచ్చిన 4,146 మందిలో సగం మందికి మామూలు వైద్యానికి తోడు సీటీ తీశారు. ఐదేళ్లలో గుండె జబ్బు మరణం లేదా గుండెపోటు వచ్చినవాళ్లు సీటీ తీయనివాళ్లలో 3.9 శాతం, తీసినవాళ్లలో 2.3 శాతం. ఐదేళ్లకు యాంజియోగ్రాములు, స్టెంట్లు రెండు వైపులా ఇంచుమించు అంతే జరిగాయి. సీటీ చూశాక ఎక్కువమందికి నివారణ మందులు మొదలుపెట్టడం వల్లే ఆ తేడా వచ్చిందని పరిశోధకుల అంచనా. డబ్బు గుంజుతారని ఆయన భయం కదా, ఇందులో ఖర్చు తక్కువైనది మాత్రేనని చెప్పండి.

మూడు మాటలు ఇంట్లో అందరికీ తెలియాలి. ఛాతీలో బిగింపు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు పదిహేను నిమిషాలు దాటితే గ్యాస్ అని ఈనో తాగుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. అలర్జీ, రక్తస్రావం సమస్య లేకపోతే 300 మిల్లీగ్రాములకు సరిపడా ఆస్పిరిన్ నమిలి మింగించండి. ఆయనతో బండి నడిపించొద్దు.

అబ్బాయి విషయం తేలిక. 22 ఏళ్లకు కాల్షియం స్కోర్ దాదాపు ఎప్పుడూ సున్నాయే వస్తుంది, ఆ సున్నా మీకు ఏమీ చెప్పదు. అతనికి కావాల్సింది ఒక లిపిడ్ ప్రొఫైల్, జీవితంలో ఒక్కసారి లైపోప్రొటీన్ ఏ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం) పరీక్ష. ఇది పుట్టుకతో నిర్ణయమయ్యే అంకె, తిండితో పెద్దగా మారదు. మీవారికి కూడా అదే రక్తంతో చేయించండి. ఆయనకు 50 మిల్లీగ్రాములు దాటితే తాతగారి మరణానికి అదీ ఒక కారణం కావచ్చు, అబ్బాయి అంకె కూడా అప్పుడు తప్పనిసరిగా చూడాలి. సిగరెట్ అలవాటు ఉందేమో తండ్రి కాకుండా మీరు అడగండి. స్కాన్ మాత్రం అతనికి ఇప్పుడు వద్దు.